తుమ్మ మొద్దు పక్కన ఊట

2005 జూన్‌లో నన్ను సత్తుపల్లి వైపు కాల్వల పని నుంచి భద్రాచలం దిగువన గోదావరి కరకట్ట మీదికి అసిస్టెంట్ ఇంజనీరుగా మార్చారు. నా పై అధికారి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సుగుణ మేడమ్. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి.

మరుసటి వానకాలం గోదావరి కట్ట సగానికి పైగా ఎక్కింది. ఒక మధ్యాహ్నం ఊరివైపు కట్ట అడుగున, ఎప్పుడో కొట్టేసిన తుమ్మ మొద్దు పక్కన బురదనీరు ఉబికింది. చెట్టు పోయినా వేర్లు కట్ట కిందుగా నది వైపు సాగే ఉన్నాయి. అవి కుళ్లితే లోపల సన్నటి దారులు పడతాయి. ఆ దారిన వచ్చే నీటితో కట్ట మట్టి కూడా కొట్టుకొస్తే, కట్ట లోలోపలే బోలై కూలుతుంది. దాని కిందనే గూడెం.

జనం బంకమట్టితో మూయబోతే మేడమ్ అడ్డుపడ్డారు.

"గిట్ల చూస్కుంట నిలబడితే మా ఇండ్లు పోతయి మేడమ్! మూయనియ్యుండ్రి" అని చేతిలో పారతో అరిచింది ముత్తమ్మ. ఊటకు అందరికన్నా దగ్గర ఇల్లు ఆమెదే.

"ఇక్కడ మూస్తే ఇంకో దిక్కున పొడుస్తది అమ్మా. నీళ్లు రానిద్దాం, మట్టిని ఆపుదాం" అన్నారు మేడమ్.

రోడ్డు పనికి పోసిన ఇసుక, కంకర తెప్పించారు. ఊట మీద ముతక ఇసుక, దానిపై సన్న కంకర, ఆపైన పెద్ద కంకర పరిపించారు. మేం ఫిల్టర్ అనేది దీన్నే. నీటిని వదిలి మట్టిని పట్టేస్తుంది. చుట్టూ ఇసుక బస్తాలు పేర్పించారు. లోపల నీళ్లు కొంత ఎత్తున నిలిస్తే ఊట ఉరవడి తగ్గుతుంది. ఆ తర్వాత ఒక స్టీలు గ్లాసు అడిగి తీసుకుని, ఊట పక్కనే బస్తా మీద కూర్చున్నారు. కట్ట తెగితే మొదట పోయేది ఆవిడే. అయినా బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నారు.

ముంచిన ప్రతి గ్లాసూ ముత్తమ్మకే చూపారు. మొదట్లో ఎర్రగా ఉన్న నీరు పలచబడుతూ వచ్చి, పొద్దు వాలేసరికి గ్లాసు అడుగు కనిపించింది. ఊట మాత్రం కారుతూనే ఉంది.

"అవ్, మట్టి ఆగింది" అని ముత్తమ్మ పార కింద పెట్టి, మేడమ్ పక్కనే కూలబడింది.

వరద తీశాక తవ్వితే, కలప అంతా కుళ్లి బెరడు గొట్టంలా మిగిలిన వేరు బయటపడింది. కట్ట మీది చెట్లన్నీ కొట్టించేయమన్నారు పైవాళ్లు. మేడమ్ ఒప్పుకోలేదు. వేళ్లతో సహా తవ్వి, గుంతను పొరలు పొరలుగా మట్టితో నింపి, దిమ్మిసతో గట్టిపడేలా కొట్టించగలిగితేనే గొడ్డలి వేయాలని, అదీ ఎండాకాలంలోనేనని పట్టుబట్టి సాధించారు.

ఊట కనిపిస్తే ముందు నీటి రంగు చూడాలి, కట్ట కింద ఇల్లున్నవాళ్లకు చూపించాలి. రిటైరయ్యేదాకా నేను అలాగే చేశాను.