బావ చొక్కా లోపలి కుట్లు

మా బావ దర్జీ. చూపుతోనే కొలత పట్టేసేవాడు. మనిషి ఇంకా గడప దాటకముందే "నడుము ముప్పై నాలుగు, ఎడమ భుజం కాస్త దిగుడు" అని గొణుక్కునేవాడు. అదే దుకాణంలో నాది ఇస్త్రీ బల్ల, మా అక్కది గుండీల పని. పదమూడేళ్లుగా ముగ్గురం ఒకే గదిలో ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ బతుకుతున్నాం. అయినా కళ్లెదుట మనిషి కరిగిపోతుంటే మాకు కనపడలేదు. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ఏడు బావకు మాట తగ్గింది. ఎవరు పలకరించినా నోట్లో గుండుసూదులున్నట్టు తలాడించేవాడు. అడిగితే తలనొప్పి అనేవాడు. మిషన్ సొరుగులో దారపుకండెల పక్కన నొప్పి బిళ్లలు ఉండేవి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, దుకాణం కట్టేముందు ఇంకొకటి. కంచం ముందు కూర్చునేవాడు, నాలుగు మెతుకులు కెలికి లేచేవాడు.

"మీ బావ చిక్కిపోతున్నాడేమోరా" అంది అక్క ఒకరోజు.

"చొక్కా చూడవే, ఒంటికి అతికినట్టుంది. చిక్కితే వేలాడదూ?" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

మనుషుల్ని బట్టల్ని బట్టి చూడటమే మా జబ్బు.

ఒక మధ్యాహ్నం అక్క బజారుకెళ్లింది. బావ నీలం చొక్కా ఇస్త్రీ చేస్తుంటే పక్క కుట్టు దగ్గర పెట్టె తట్టుకుని ఆగింది. తిరగేసి చూశాను. కుట్టు పక్కన కుట్టు, దాని పక్కన ఇంకోటి, మొత్తం ఏడు వరసలు. మొదటి వరస దారం వెలిసిపోయింది, చివరిది నిన్న వేసినట్టు మెరుస్తోంది. ఇంకో చొక్కా తిరగేశాను. దానికీ ఏడే. మూడోదానికీ ఏడే. కొక్కేనికి తగిలించి చూస్తే కాలరు పెద్దమనిషిది, ఒళ్లు పిల్లాడిది.

వెనక మిషన్ చప్పుడు ఆగిపోయింది.

"చూశావా?" అన్నాడు బావ. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు.

"ఎందుకు బావా ఇదంతా?"

"వదులైతే మీ అక్క కనిపెట్టేస్తుంది కదరా. ఇంకో నాలుగు కుట్లకి చోటుంది."

"ఆ తర్వాత?"

అతను నన్ను చూడలేదు. కొక్కేనికున్న చొక్కాను చూశాడు, కొలత తీసుకుంటున్నట్టు. నాకు భయంతో పాటు పట్టరాని కోపమూ వచ్చింది. రెక్క పట్టుకుని లేపాను. ఆ చెయ్యి నా గుప్పిట్లో ఇట్టే ఇమిడిపోయింది.

ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ బావను చాలాసేపు మాట్లాడించింది. "ఇది డిప్రెషన్. ఆకలి చావడం దానివల్లే కావచ్చు. రోజూ మింగే ఈ బిళ్లలు కూడా తోడై ఉండొచ్చు. దిగులున్నవాళ్లలో ఇవి ఆకలినీ బరువునీ ఎటు మారుస్తాయో ఇంకా ఖాయంగా తెలీదు. అందుకే నాకు చెప్పకుండా ఒక్కటీ వేసుకోకండి" అని మందు రాసింది. ఆవిడ గుచ్చి అడిగేదాకా ఆ బిళ్లల సంగతి ఎవరికీ చెప్పాలని మాకు తోచలేదు. తలనొప్పి బిళ్లని మందు కింద లెక్కేసేదెవరు?

బావ తేరుకోవడానికి నెలలు పట్టింది. ముద్ద ముద్దకీ అక్క పక్కనే కూర్చుంది. ఒళ్లు వచ్చేకొద్దీ బావ ఒక్కో వరస విప్పుకుంటూ వచ్చాడు. దారం పోయినా సూది బెజ్జాలు మాత్రం పోలేదు.

అన్ని వరసలూ విప్పిన రోజున అక్క తన జాకెట్టు తెచ్చి మిషన్ మీద పెట్టింది.

"వదులైందండీ. ఓ కుట్టు లోపలికి వెయ్యండి" అంది, కణతలు నొక్కుకుంటూ.

బావ ఆమెను చూశాడు, గడప దాటి వచ్చిన కొత్త మనిషిని చూసినట్టు, పై నుంచి కింది దాకా. తర్వాత సొరుగు లాగాడు. తను సగంలోనే మానేసిన బిళ్లల అట్ట అక్కడే ఉంది. ఒక్క బిళ్లా మిగల్లేదు.

బావ మిషన్‌లోంచి సూది ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"నేను కుట్టను. పద, డాక్టరమ్మ దగ్గరికి" అన్నాడు.