దొంగగారూ, ఆగండి!

అండిగారికి జన్మలో 'నువ్వు' అనడానికి నోరు తిరగలేదు. ఆఫీసు పిల్లి వచ్చి బొమ్మల కాగితాల మీద పడుకుంటే, "తమరు కాస్త జరుగుతారాండీ?" అని బతిమాలి, అది జరిగేదాకా పక్కన నిలబడేవారు. ఆయనకు అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. ఎవరికీ దానితో పని పడలేదు.

ఆ జబ్బు ఆయనతో ఆగితే బాగుండేది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆయనే గీసి, ఆయనే మాటలు రాసే కామిక్స్ వీరుడు గాలిదుమారానికీ అంటుకుంది. గాలిదుమారం ఒంటిచేత్తో రైలింజను ఎత్తేస్తాడు. దొంగ కనబడితే మాత్రం గాల్లోంచి మెల్లగా దిగి, "దొంగగారూ, దయచేసి ఆ సంచి కింద పెట్టండి" అంటాడు. దొంగ తుపాకీ పేల్చాడనుకోండి, "చెయ్యి అదరలేదు కదండీ?" అని కుశలమడుగుతాడు.

కొత్తగా వచ్చిన ఎడిటరమ్మ తల పట్టుకుంది. అమ్మకాలు అడుగంటాయి. వీరుణ్ని ఈ కాలానికి తగ్గట్టు మార్చకపోతే వచ్చే సంచికతో పత్రిక మూసేస్తానని యజమాని తెగేసి చెప్పాడు. కండలు పెంచమంది, అండిగారు పెంచారు. చేతికి ఫోనివ్వమంది, ఇచ్చారు. ఈ రోజుల్లో వీరుడికి విషాదగాథ ఉండి తీరాలంది. ఒక్క పేజీలో ఇంటిల్లిపాదినీ వరదలో కలిపేశారు.

"ఇంకేమైనా ఉందాండీ?"

"ఆ 'అండీ' ఒక్కటీ తీసెయ్యండి సార్. 'ఒరేయ్, ఆగరా!' అని రాయండి చాలు."

అండిగారి ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. "కావాలంటే గాలిదుమారంగారిని చంపేద్దామండీ. ఆ మాట మాత్రం ఆయన నోట రాదండీ."

"అయితే నేనే రాసుకుంటాను!"

ఆయన టీకి వెళ్లగానే ఎడిటరమ్మ ఆయన కుర్చీలో కూర్చుని, 'అండి'ని చెరపడానికి తెల్లరంగు కోసం సొరుగు లాగింది. రంగు దొరకలేదు. మడతల దగ్గర చిరిగిన ఉత్తరం దొరికింది, ముప్పయ్యేళ్ల నాటిది.

"గాలిదుమారం బొమ్మలు వేసే మామయ్యగారికి. మా నాన్న దొంగతనం చేసి జైల్లో ఉన్నాడు. వీధిలో అందరూ 'వాడు' అంటారు. మీ పుస్తకంలో మాత్రమే దొంగను 'గారు' అన్నారు. నాన్నకు పంపించాను. చదివి, బయటికొచ్చాక ఏదైనా పని చూసుకుంటానన్నాడు. గాలిదుమారం ఎప్పుడూ ఇలాగే మాట్లాడతాడా?"

అండిగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు, దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా. "మొదట్లో నోటి అలవాటేనండీ. ఆ పాపగారికి మాటిచ్చాక మానడం కుదర్లేదండీ," అన్నారు.

ఎడిటరమ్మ ఉత్తరం సొరుగులో పెట్టి, యజమానికి ఫోన్ చేసింది.

"మార్చడం లేదండీ. బజార్లో తిట్టే వీరులు కుప్పలుతెప్పలు. తిట్టనివాడు మనవాడొక్కడే. ఈసారి అట్ట మీదే 'దొంగగారూ, ఆగండి!' అని బారెడు అక్షరాలతో వేస్తున్నాను."

"నీకేమైనా మతి పోయిందా?" అన్నాడు యజమాని. ఎలాగూ ఇదే ఆఖరి సంచిక కదా అని వదిలేశాడు.

సంచిక వారంలో అయిపోయింది. కాలేజీ పిల్లలు అట్ట బొమ్మను చొక్కాల మీద వేయించుకున్నారు. మూడు జైళ్ల నుంచి, ప్రతి నెలా పంపమని ఉత్తరాలొచ్చాయి. యజమాని ఫోన్ చేశాడు.

"సరే, నడుపు," అన్నాడు. పాతికేళ్లలో సిబ్బందిలో ఎవర్నీ 'మీరు' అని ఎరుగని ఆ పెద్దమనిషి గొంతు సవరించుకుని, "అదే... నడపండి," అన్నాడు.