గోడ మీదికెక్కిన టీవీ

బీరమ్మ నోట్లో పడితే బతికి బట్టకట్టినవాళ్ళు లేరని మర్రిగూడ దిక్కున చెప్పుకుంటారు. చెప్పుకోరా మరి! గొర్లకాడ పెరిగిన గొంతు అది. గుట్ట మీద నిలబడి ఒక్క కేక వేసిందంటే పరాయి చెలకలో పడ్డ మంద బెదిరి వెనక్కి మళ్ళేది. ఇప్పుడు గుట్ట ఎక్కలేదు గానీ, గొంతు మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

పుట్టినప్పటి నుంచి తాగిన బోరునీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి కూర్చుంది. నల్లాల్లో కృష్ణా నీళ్ళు వచ్చేసరికే నడుం వంగి, మెడ బిగుసుకుపోయింది. పెనిమిటి ఐలేశం కూడా అట్లాగే వంగి వంగి, చివరికి మంచంలో ముడుచుకుని పోయాడు. ఎదురుగా ఎవరు నిలబడ్డా బీరమ్మకు మోకాళ్ళ దాకానే కనిపిస్తారు. మొహం చూడాలంటే ఆ మనిషి కింద కూర్చోవాలి. కూర్చోనివాళ్ళను, "జర కూలవడు, నీ మొకమన్న సూస్త" అని తిట్టేది.

ఆ ఇంట్లో ఆమె కళ్ళకు సరిగ్గా ఎదురుపడే మొహాలు పాత డబ్బా టీవీలోవే. అది ఐలేశం చేయించిన పొట్టి సందూక పెట్టె మీద ఉండేది. బీరమ్మ అవతలి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంటే చూపు పోయి తిన్నగా దాని మీద పడేది. దీపాల వేళకు సీరియల్ మొదలయ్యేది. అందులో నిహారిక అని ఒక గయ్యాళి కోడలు.

"థూ, నీ మొకం మీద మన్నువడ! అత్త కంచంల గంత ఉప్పు గుమ్మరిస్తవానే? నీ చెయ్యి ఇరిగిపోను!"

వంటింట్లో ఉన్న కోడలు నాగరాణికి ఆ తిట్టు ఎవరిదో తెలియనిదా? ఆ రోజు చారులో ఉప్పు ఎక్కువైన సంగతి ఆమెకూ తెలుసు. గిన్నె ఎత్తి కుదేసి, తనూ సీరియల్ మీదే పెట్టి అనేది: "ఆ ముసల్ది సావదు, ఆ సీరియల్ ఒడువదు!"

ఇట్లా ఏళ్ళ తరబడి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండానే టీవీని అడ్డం పెట్టుకుని తిట్టుకున్నారు. గొర్లను డీసీఎం వ్యానులో సంతలకు తోలుకుపోయే కొడుకు నాగేందర్ ఆ వేళకు ఇంటికి రావడమే మానుకున్నాడు.

ఆ వానాకాలం పిడుగు పడి డబ్బా టీవీ కాలిపోయింది. కొత్తది తేవడానికి చౌటుప్పల్ పోదామనుకున్నారు మొగుడూ పెళ్ళాలు. బీరమ్మ అందరికంటే ముందు పోయి బండిలో కూర్చుంది.

"నువ్వెందుకే అమ్మా? నీతోని ఎక్కుడు దిగుడు పరేషాన్."

"పొట్టేలును కొనెటప్పుడు నోరు తెరిచి పండ్లు సూడకుండ కొంటవార? గట్లనే ఇది గూడ. సూసెటిదాన్ని నేను, ఎంచెటిదాన్ని నేనే."

దుకాణంలో టీవీలన్నీ గోడకు వరసగా వేలాడుతున్నాయి. బీరమ్మకు వాటి కింది అంచులు కూడా కనిపించలేదు. చేతికర్ర పక్కన పెట్టి, నున్నటి బండల మీద చతికిలపడింది. సేల్స్ మనిషి కుర్చీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"మా ఇంట్ల కుర్సీ లేదు బిడ్డా. నేను ఇంట్ల ఎట్ల సూస్తనో గట్లనే సూస్త. అవ్వి కిందికి దించు."

నాగరాణి సిగ్గుతో చచ్చిపోయింది. పక్క దుకాణం వాళ్ళు కూడా వచ్చి చూస్తున్నారు. సేల్స్ మనిషి పళ్ళు నూరుకుంటూ ఒక్కొక్క టీవీని దించి నేల మీద పెట్టాడు. వాటిలో ఏవో దేశాల పిట్టలు, సముద్రాలు.

"పిట్టల్ని నేనేం జేసుకుంట? మనుషుల్ని వెట్టు!"

మనుషుల్ని పెట్టాడు. ఒకదాంట్లో మొహాలు పసుపు పూసినట్టున్నాయంది. ఒకదాంట్లో ఏడ్చేవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు కనిపించడం లేదంది. చివరికి ఒకదాని ముందు ఆగి చాలాసేపు చూసి, "గిదే. దీంట్ల మొకాలు మొకాల తీరుగ ఉన్నయి" అంది. ఇంటికి వచ్చేదాకా ఆ డబ్బా మీది నుంచి చెయ్యి తీయలేదు. దారిలో ఎవరినీ తిట్టనూ లేదు. అంత సంబరం ముసలిదానికి!

మర్నాడు టీవీ బిగించే మనిషి వచ్చాడు. ఎంత ఎత్తులో పెట్టాలని అడిగాడు.

"పైకి," అంది నాగరాణి. "ఇంక జర పైకి. చౌటుప్పల్‌ల మా అన్న ఇంట్ల గట్లనే ఉన్నది. కిందుంటే గొర్రెపిల్లలొచ్చి వైర్లు కొరుకుతయి."

గొర్రెపిల్లలు! ఆ ఇంట్లో గొర్రెపిల్లలు వైర్ల మధ్యే పుట్టి పెరిగాయి. ఏనాడైనా ఒక్కటి కొరికిందా? డ్రిల్లు చప్పుడు విని బీరమ్మ, ప్లగ్గు కోసమేమో అనుకుంది. సాయంత్రం తన గోడకు ఆనుకుని కూర్చుంది. సీరియల్ పాట వచ్చింది. ఎదురుగా ఖాళీ సందూక, నేల మీద నీలం వెలుగు, అంతే.

"బొమ్మేదిరా?"

 కర్ర మీద లేచింది, వెనక్కి జరిగింది, గోడకు వీపు అదిమి మెడ ఎత్తబోయింది. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ మెడ లేవలేదు.

"వినవడతలేదా అత్తా? చెవులు మంచిగనే ఉన్నయి గద. వినుకుంట కూసో," అంది నాగరాణి. ఆ గొంతులో నవ్వు దాచుకోలేదు కూడా.

ఆనాటి నుంచి ఇల్లు ఇల్లుగా లేదు. స్విచ్చు కిందనే ఉండిపోయింది గనక, నిహారిక బండారం బయటపడే సమయానికి బీరమ్మ కర్రతో పొడిచి ఆర్పేసేది. నాగరాణి ఆ స్విచ్చుకు అట్టపెట్టె కట్టింది. బీరమ్మ అట్టపెట్టెను మేకకు వేసింది. నాగరాణి సౌండు తగ్గించింది. బీరమ్మ సరిగ్గా అప్పుడే రోలు ముందేసుకుని ఉత్త రోట్లో రోకలి దంచింది. పొరుగింటావిడ అండాలు రాజీ చెయ్యడానికి వచ్చి, ఇద్దరి చేతా తిట్లు తిని పోయింది.

ఒకనాడు నాగేందర్‌కు ఓపిక పోయింది.

"నీ మెడ లేవదని మేమందరం మెడలు దించుకోవాల్నా? ఇంట్ల ఉన్నోళ్ళు నువ్వొక్కదానివేనా?"

బీరమ్మ నోట్లో నుంచి మాట రాయిలా వచ్చింది.

"నీ మెడ గూడ నా తీరుగనే కావాలెరా! గప్పుడు తెలుస్తది నీకు!"

ఆ తర్వాత ఆమె కొడుకుతో మాట్లాడలేదు. రోజూ టీవీ ఉన్న గోడకే ఆనుకుని కూర్చునేది, టీవీకి వీపు పెట్టి. కనిపించేవి పాదాలే కాబట్టి పాదాలనే చూసేది. నాగరాణి మెట్టెలు, పగిలిన మడమలు. తిట్లు ఆగాక ఆ వేళకు ఇంటికి వస్తున్న కొడుకు కాళ్ళు, బొటనవేలి మీద చిన్నప్పుడు గొడ్డలి తగిలిన మచ్చ.

ఆ పాదాలే ఆమెకు చెప్పాయి. దసరా వెళ్ళేదాకా కొడుకు పాదాలు టీవీ గోడ దగ్గరి మంచం పక్కనుండేవి. పత్తి ఏరే రోజులకు ఇంటి నడిమి గుంజ దగ్గరికి జరిగాయి. తర్వాత గడప లోపలికి. మాఘమాసం వచ్చేసరికి కొడుకు గడప అవతల అరుగు మీద కూర్చుని టీవీ చూస్తున్నాడు. ఎందుకని పెళ్ళాం అడిగితే గాలి కోసమన్నాడు గానీ, మెడ ఎత్తకుండా బొమ్మ అందేది అంత దూరం నుంచే. డీసీఎంలో నిద్రపోతే మెడ పట్టేసిందని బామ్ పూసుకునేవాడు. ఎవరైనా పిలిస్తే ముందు పాదాలు తిరిగేవి. మెడ తిప్పేవాడికి పాదాలు తిప్పే అవసరం ఏముంది? ఐలేశం పాదాలు కూడా మొదట అట్లాగే తిరిగాయి. 

సీరియల్ నడుస్తుండగానే బీరమ్మ కర్రతో గోడను గట్టిగా కొట్టింది.

"దించుండ్రి దాన్ని!"

"మళ్ళ షురువైందా నీ ఏషం!" నాగరాణి మీదికొచ్చింది. "ఇన్ని దినాలు ఊకుంటివి, ఇంక బాగుపడ్డవనుకున్న."

"నా గురించి కాదే, గుడ్డిదానా! పిలువు నీ మొగణ్ని. నా ముంగట కూసోమను. గదుమ రొమ్ముకు ఆనియ్యమను."

ఊళ్ళో బోరునీళ్ళ జబ్బుకు క్యాంపు పెట్టినప్పుడు డాక్టర్లు అందరి చేతా చేయించే పనే అది. నాగరాణికి నవ్వు ఆగిపోయింది. నాగేందర్ లోపలికి వచ్చి, "ఏం లొల్లి ఇది, మెడ పట్టింది అంతే" అని అరిచాడు. అరుస్తూనే తల్లి ముందు కూర్చున్నాడు. ఎన్నో నెలల తర్వాత బీరమ్మ కొడుకు మొహం చూసింది. గడ్డం దించబోయాడు. రొమ్ముకు ఆనలేదు. పైకి చూడబోయాడు. చూపు గోడ సగం దాకా పోయి ఆగింది. మళ్ళీ ప్రయత్నించాడు, పళ్ళు కరుచుకుని.

 నాగరాణి స్టూలు వేసుకుని ఎక్కి, తనే టీవీని దించింది. పాత సందూక మీద పెట్టి, వైర్లు కలిపి, పక్కకు తప్పుకుంది. బీరమ్మ అవతలి తన పాత గోడ దగ్గరికి జరిగితే, నాగేందర్ ఆమె పక్కనే గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. టీవీలో నిహారిక మొహం వచ్చింది, బీరమ్మ దుకాణంలో ఏరికోరి ఎంచిన ఆ రంగుల్లో, కళ్ళల్లో నీళ్ళతో సహా. బీరమ్మ గెలిచింది. నాగరాణి ఒక్క తిట్టు కోసం ఎదురుచూసింది. అత్త ఒకటి అంటే తనూ ఒకటి అని తేలికపడదామని కాబోలు. తిట్టు రాలేదు.

బోరునీళ్ళు చేసిన పని అని బీరమ్మకు తెలుసు. కానీ 'నీ మెడ గూడ నా తీరుగనే కావాలె' అన్నది ఏ నోరు?

"నాగరాణీ," అంది. ఇన్నేళ్ళలో కోడలిని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "మళ్ళ పైననే పెట్టు బిడ్డా."

"గిప్పుడేగా దించమన్నవు! గీ జాగా కోసమేగా గన్ని దినాలు కొట్లాడితివి!"

"నాకద్దు. నేను వింట. వానికి కిందికి సూసుడు అలవాటు చెయ్యకు. పైకే సూడాలె వాడు. సూడంగ సూడంగ లేస్తదేమో. నా నోట్లె మన్నువడ, ఆ మెడ లేవాలె!"

నాగరాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, స్క్రూల కోసం నేలంతా తడమసాగింది.  పక్కనే ఉన్న తల్లి వైపు చూడడానికి నాగేందర్ కూర్చున్నచోటే ఒళ్ళంతా తిప్పాడు.