వదిలాననుకున్న చెయ్యి

కొలిమి ఉన్న ఆ వీధిలో అతన్ని అందరూ పట్టకారు అనేవారు. ఎర్రగా కాలిన ఇనుమునైనా, మనిషి మెడనైనా ఒకసారి పట్టుకుంటే వదలడని ఆ పేరు. కోపం ముక్కు మీదే ఉండేది. ఇనుము చల్లారిందని పెళ్ళాన్ని కొట్టేవాడు, చల్లారలేదని కూడా కొట్టేవాడు. ఆమె తమ్ముడు అదే కొట్టులో సమ్మెట వేస్తూ పళ్ళు బిగబట్టి చూసేవాడు.

ఒక మధ్యాహ్నం అక్క నోట్లోంచి రక్తం కారేసరికి అతనిక ఆగలేకపోయాడు. చేతికందిన ఉలి తీసి బావ మెడ వెనక దించి పారిపోయాడు.

పట్టకారుకు చావు తప్పింది. కుడి చెయ్యి మాత్రం విచిత్రంగా మిగిలింది. ఎత్తితే లేస్తుంది, బిగిస్తే బిగుస్తుంది. కానీ అది చన్నీళ్ళలో ఉందో నిప్పుల్లో ఉందో తెలియదు. కళ్ళు మూసుకుంటే అసలెక్కడుందో కూడా తెలియదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. నరాల పోగులు రెండు రకాలట. వేడి, నొప్పి, పట్టు ఎంత బిగిసిందన్న కబురు మోసేవి వెన్నుపాములోకి వెనక వైపు నుంచి వెళ్తాయి. కండరాలకు ఆజ్ఞలు తెచ్చేవి ముందు వైపు నుంచి బయటికొస్తాయి. ఉలి వెనక పోగుల్నే తెంపింది.

"నీ మాట చెయ్యి వింటుంది. దాని మాటే నీకు వినబడదు. ఇకనుంచి కళ్ళతో చూసుకుంటూ పని చేసుకో," అంది.

చూపు కాస్త పక్కకు తిప్పితే సమ్మెట జారి కాలి మీద పడేది. కాలిన మాంసం వాసన వచ్చాకే అది తన వేళ్ళదని తెలిసేది. ఒళ్ళు మండి గోడను గుద్దేవాడు. పిడికిలి చితికినా నొప్పి ఉండేది కాదు, దాంతో ఇంకా రెచ్చిపోయేవాడు.

ఏడాది తిరిగాక బావమరిది వచ్చి, అక్కను తీసుకుపోతానన్నాడు. మాటా మాటా పెరిగింది. ఇనుపకడ్డీ దెబ్బకు పట్టకారు నుదురు చీలి, రెండు కళ్ళకూ రక్తం కమ్మింది. ఆ గుడ్డితనంలోనే బావమరిదిని ఇనుము సాగగొట్టే దాగలి దిమ్మకేసి అదిమి, కుడి చేత్తో గొంతు పట్టుకున్నాడు. పెళ్ళాం మీద పడి రక్కింది, జుట్టు పట్టి లాగింది. ఆఖరికి చెవి దగ్గర నోరు పెట్టి బతిమాలింది.

"వాణ్ణి వదులు. వాడు పోతే నేను బతకను."

ఆ మాటతో అతని కోపం నిజంగానే దిగిపోయింది. వదలమని చేతికి చెప్పాడు. వేళ్ళు సగం సడలి మళ్ళీ బిగుసుకున్నాయని అతనికి తెలియదు.

"వదిలాను," అన్నాడు.

"వదల్లేదు."

"వదిలేశానే."

"వదల్లేదు. వాడి నాలుక బయటికొచ్చింది."

పట్టకారుకు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి భయమేసింది. ఎడమ చేత్తో తడిమాడు. వెచ్చని మెడ, దానిలోకి కూరుకుపోయిన ఎవరివో వేళ్ళు. అవి తనవే. ఒక్కొక్కటే పెరికాడు. ఒక వేలు విరిగిన చప్పుడు వినబడింది. కింద నుంచి ఊపిరి ఈడుస్తూ దగ్గు వచ్చాక కూలబడ్డాడు.

ఆమె అతని ముఖం తుడవలేదు. తమ్ముణ్ణి భుజాన ఆనించుకుని గుమ్మం దాకా వెళ్ళింది.

అతను కుడి చెయ్యి చాచి, "దీనికి ఏమీ తెలియడం లేదే," అన్నాడు.

"ఉలి దిగకముందు తెలిసేదిగా. నా చెంప ఎలా ఉండేదో దానికి తెలిసేదిగా," అంది.

అతను చెయ్యి అలాగే చాచి కూర్చున్నాడు. ఆమె వెళ్ళిపోయిందని అడుగుల చప్పుడు ఆగాకే తెలిసింది.