టీ పెట్టలేని వాల్టర్, మూడుసార్లు రిటైరైన పిచర్

అది 2014, జూలై నెల. మనకు వానలు పడే జూలై న్యూజిలాండ్‌లో నడి చలికాలం. లోవర్ హట్‌లో ఒక ఆసుపత్రి రీహాబ్ వార్డులో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఈ ఉద్యోగం పేరు చెప్పగానే మనవాళ్ళు "అంటే ఫిజియోనా?" అంటారు. కాదు. పక్షవాతం వచ్చిన మనిషిని లేపి నడిపించేది ఫిజియో. నడవడం వచ్చాక ఆయన చొక్కా ఎలా తొడుక్కోవాలి, స్నానం ఎలా చేయాలి, ఇంట్లో ఒంటరిగా ఉండగలడా లేదా అన్నవి చూసేది మేం. మా అత్తగారు ఇదంతా శ్రద్ధగా విని, "సరేలే, ఫిజియో లాంటిదే" అని తేల్చేస్తుంది. నేనూ వాదించడం మానేశాను.

ఇక్కడ పేర్లు మార్చి చెబుతున్నాను. వాల్టర్ అనే పెద్దాయన డెబ్బై దాటిన అమెరికన్. వయసులో ఉన్నప్పుడు ఒక కివీ అమ్మాయిని పెళ్ళాడి ఇక్కడికొచ్చి, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. భార్య పోయి కొన్నేళ్ళయింది. కొండవాలు మీద ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యి, కుడికాలు బలహీనపడ్డాయి. మాట నెమ్మదించింది. కూతురు జేన్ దక్షిణాన ఇన్వర్‌కార్గిల్‌లో ఉంటుంది. నాన్నను తన దగ్గరకు తీసుకెళ్ళి, ఇంటికి దగ్గర్లోని వృద్ధుల హోమ్‌లో చేర్చాలని ఆమె ఆలోచన. వాల్టర్‌కు ఒకటే కోరిక, తన ఇంటికి వెళ్ళాలి. ఆ వారం శుక్రవారం ఫ్యామిలీ మీటింగ్. డాక్టరు, మేము, ఇంటివాళ్ళు కూర్చుని మనిషి ఎక్కడికి వెళ్ళాలో తేల్చే సమావేశం అది. అందులో అందరూ ముందుగా అడిగేది మా రిపోర్టునే.

సోమవారం నేను డ్యూటీకి వచ్చేసరికి ఆ రిపోర్టు వాల్టర్‌కు పూర్తి వ్యతిరేకంగా ఉంది.

మా వార్డులో చిన్న వంటగది ఉంది. ఇంటికి పంపే ముందు పేషెంటును అక్కడికి తీసుకెళ్ళి "ఒక కప్పు టీ పెట్టండి" అంటాం. దీన్ని కిచెన్ అసెస్‌మెంట్ అంటారు. కెటిల్ నింపడం, స్విచ్ వేయడం, కప్పులో టీబ్యాగు వేయడం, నీళ్ళు, పాలు పోయడం. ఈ పనులను వరస తప్పకుండా చేయగలగడాన్ని సీక్వెన్సింగ్ అంటాం. మెదడులో ఆ వరస చెదిరితే మనిషి స్టవ్ మీద గిన్నె పెట్టి మరిచిపోవచ్చు, ఇల్లు తగలబెట్టుకోవచ్చు. న్యూజిలాండ్‌లో టీ పెట్టడం రాని మనిషి ఉండడని మా వాళ్ళందరి నమ్మకం.

ఆదివారం నా కొలీగ్ ఫియోనా ఈ పరీక్ష పెట్టింది. వాల్టర్ కప్పులో చల్లటి పాలు పోశాడట. అందులో టీబ్యాగు వేసి కాసేపు చూశాడట. కెటిల్ కేసి చూసి, "ఇది మరగాలా, వేడెక్కితే చాలా?" అని అడిగి, చివరికి కుర్చీలో కూలబడ్డాడట. సీక్వెన్సింగ్ లోపం ఉంది, ఒంటరిగా ఉండటం క్షేమం కాదు అని ఫియోనా రాసింది. నేనున్నా అదే రాసేదాన్ని.

దానికి తోడు నర్సుల మాట ఒకటి. వాల్టర్ మాట నెమ్మదిగా ఉన్నా, ఒక పాతకాలపు బేస్‌బాల్ పిచర్ గురించి మాత్రం తెగ మాట్లాడతాడు. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు, పరుగెత్తకుండా నిలబడ్డచోటి నుంచే విసురుతాడు. ఆ పిచర్ ముప్పై ఎనిమిదో ఏట కప్పు గెలిపించి రిటైరయ్యాడని వాల్టర్ ఒకరోజు చెప్పాడు. ఇంకోరోజు ఇరవై నాలుగో ఏటే చెయ్యి పోయిందన్నాడు. మరోరోజు నలభై దాకా ఆడాడన్నాడు. ఒక నర్సు ఫోన్లో వెతికితే ఆ మహానుభావుడు నిజానికి ఇరవై ఏడో ఏట భుజం దెబ్బతిని ఆట మానేశాడని తేలింది. "ఇవన్నీ మీకెవరు చెప్పారు?" అని నర్సు అడిగితే, "ఎవరూ చెప్పలేదు, నేనే చూశాను" అన్నాడట. దాంతో ఆయన ఫైల్లో "అయోమయంగా ఉన్నారు" అన్న మాట చేరింది.

ఆ రాత్రి అన్నం తింటూ మావారు రవితో, పేషెంటు పేరు, వివరాలు చెప్పకుండా, "ఒకే ఆటగాడు మూడుసార్లు రిటైరయ్యాడంట" అన్నాను. రవిది వెల్లింగ్టన్‌లో ఐటీ కాంట్రాక్టు. ట్రైన్ దిగి ఇంటికొచ్చాక కూడా సగం ప్రాణం లాప్‌టాప్‌లోనే ఉంటుంది.

"మూడేం ఖర్మ, ముప్పైసార్లు అయితడు. అది గేమ్ అయ్యుంటది సునీతా."

"ఆ మాట చెప్పింది ముసలాయన. గేమ్‌ల ఉరుకుతడా?"

"ఉరుకుడేం లేదు. అది సిమ్యులేషన్. పాత ప్లేయర్ల లెక్కలన్నీ అందులో ఉంటయి. నువ్వు టీమ్ సెట్ చేసి వదిలేస్తే కంప్యూటరే సీజన్ మొత్తం ఆడేస్తది. ఒక్కోసారి ఒక్కో తీరు వస్తది. హాస్టల్‌ల ఉన్నప్పుడు నేను క్రికెట్‌ది ఇట్లనే ఆడేటోన్ని. నడుం విరిగిన ఫాస్ట్ బౌలర్‌తోని వరల్డ్ కప్ గెలిపించిన."

"ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు."

"చెప్తే పెళ్ళికి ఒప్పుకుంటుంటివా?"

నవ్వాను. కానీ వాల్టర్ తెలివిగా చెప్పిన మాటల్ని మేము మతిమరుపు ఖాతాలో వేస్తున్నామేమో అని భయం పట్టుకుంది.

పొద్దున్నే వాల్టర్ మంచం పక్కన కూర్చుని, "మీ పిచర్‌ను ఏ కంప్యూటర్లో ఆడిస్తున్నారు?" అని అడిగాను. ఆయన నావైపు తిరిగాడు. ఆ ముఖంలో ఎడమవైపు ముందు నవ్వింది, కుడివైపు కొంచెం ఆలస్యంగా కలిసింది.

"ఇంట్లో ఉన్న లాప్‌టాప్‌లో. ఇన్నాళ్ళకు ఒకరు అడిగారు."

"మీరే నర్సులకు చెప్పొచ్చు కదా."

"వాళ్ళు నిద్ర పట్టిందా అంటారు, విరేచనం అయిందా అంటారు, ప్రధానమంత్రి ఎవరంటారు. నాకిప్పుడు ఒక్కో మాటకీ కష్టపడాలి. అడగనివాటికి కూడా జవాబులు చెప్పే ఓపిక లేదు."

"మరి టీ సంగతేంటి?"

"జన్మలో టీ పెట్టలేదు. నాకు కాఫీ. టీ మా ఆవిడ డిపార్ట్‌మెంట్. ఆ టీపాట్ ముట్టుకుంటే ఊరుకునేది కాదు. నీ స్నేహితురాలు పెట్టమంది, పెద్దమనిషిలా ప్రయత్నించాను."

నాకు నా ఇన్వర్‌కార్గిల్ రోజులు గుర్తొచ్చాయి. ఇక్కడ థెరపిస్టుగా పనిచేయడానికి రిజిస్ట్రేషన్ వచ్చేదాకా అక్కడ ఒక కోర్సు చదివాను. ఫ్లాట్‌లో మా ఖమ్మం పద్ధతిలో పాలు, నీళ్ళు, టీపొడి, చక్కెర అన్నీ ఒకే గిన్నెలో వేసి మరిగిస్తుంటే, కివీ ఫ్లాట్‌మేట్ నేనేదో కషాయం కాస్తున్నానని అనుకుంది. ఆ పూట నన్నెవరైనా పరీక్షించి ఉంటే నా సీక్వెన్సింగ్ కూడా గోవిందా.

ఫియోనాతో ఈ సంగతి చెప్పాను. ఆమె నుదురు కొట్టుకుని నవ్వింది, వెంటనే సీరియస్ అయింది. "కాఫీ మనిషి అయినంత మాత్రాన స్టవ్ మరిచిపోడని కాదు కదా. ఇంట్లోనే చూడు" అంది. న్యాయమైన మాట. ఆయన్ను నమ్మాలని నాకెంత ఉన్నా, నమ్మకం మీద మనిషిని ఒంటరిగా ఇంటికి పంపలేం. పేషెంటును కాసేపు సొంత ఇంటికి తీసుకెళ్ళి చూసే పద్ధతి మాకుంది. దాన్ని హోమ్ విజిట్ అంటాం. బుధవారానికి ఏర్పాటు చేశాను.

ఆ రోజు గాలి విపరీతంగా ఉంది. కారు తలుపు తీయడానికే నాకు రెండు చేతులు కావాల్సి వచ్చింది. వాల్టర్ వాకింగ్ స్టిక్కుతో మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. ఒకచోట తూలాడు, నేను పట్టుకున్నాను. అక్కడ రెయిలింగ్ పెట్టించాలని రాసుకున్నాను.

వంటగదిలో ఆయన అల్మరా తెరిచి పాత కాఫీ పర్కొలేటర్ తీశాడు. స్టవ్ మీద పెట్టే పొడవాటి పాత్ర అది. నేను మూల నిలబడి నోరు మూసుకున్నాను. ఈ పరీక్షలో కష్టమైన భాగం అదే. ఎడమచేత్తో నీళ్ళు పట్టాడు, పాత్రను సింకు అంచుకు ఆనించి మూత తిప్పాడు. కాఫీ పొడి కొంత ఒలికింది. దాన్ని తుడిచి, ఆ గుడ్డను స్టవ్‌కు దూరంగా విసిరాడు. కాఫీ పొంగుతున్న చప్పుడు మారగానే మాట మధ్యలో ఆపి స్టవ్ కట్టేశాడు. స్టవ్ ఆరిపోయిందో లేదో వంగి చూశాడు కూడా. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కాఫీ మాత్రం ఇప్పటికీ నాలుక మీదుంది, అంత చేదు.

తర్వాత లాప్‌టాప్ తెరిచి, మౌస్‌ను ఎడమవైపుకు మార్చుకుని ఆట చూపించాడు. ఆ పిచర్‌ను ఇరవయ్యో ఏట టీమ్‌లోకి తీసుకోవడం, ఏళ్ళకేళ్ళు నడిపించడం, అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి.

"ఇక్కడ గాయాలు లేకుండా చేసే మీట ఉంది కదా. అది నొక్కితే హాయిగా ఆడతాడు" అన్నాను.

"అప్పుడది అతని జీవితం కాదు, నా కోరిక. చెయ్యి పోతే పోనీ. పోయాక ఏం చేస్తాడన్నదే నాకు కావాలి." ఇంకో కెరీర్ తెరిచాడు. "దీన్లో ఇరవై నాలుగుకే భుజం పోయింది. చాలామంది ఇక్కడ ఆపేస్తారు. నేను అతన్ని ఫస్ట్ బేస్‌లో నిలబెట్టాను. అక్కడ బంతి పట్టుకుంటే చాలు, గట్టిగా విసరాల్సిన పని తక్కువ. గొప్పవాడేం కాలేదు. కానీ నలభై దాకా ఆడాడు."

ఆ మాటలు చెబుతూ కుడిచేతిని ఎడమచేత్తో నెమ్మదిగా రుద్దుకుంటున్నాడు. ఆయన ఎవరి గురించి చెబుతున్నాడో నేను అడగలేదు.

శుక్రవారం మీటింగ్‌కు జేన్ విమానంలో వచ్చింది. నేను కాఫీ సంగతి, గేమ్ సంగతి చెప్పాను. ఆమె ముఖం సడలలేదు.

"నాన్న గేమ్ ఆడతాడని నాకూ తెలుసు. కానీ ఆ పిచర్ కథ వింటూ పెరిగాను నేను. ఇరవై ఏడేళ్ళకు ఆట మానేశాడని నాన్న ఎన్నోసార్లు చెప్పాడు. మొన్న ఫోన్లో నలభై అన్నాడు. ఆ కథే మరిచిపోయాడంటే ఇక మా నాన్న లేడనుకున్నాను. ఆ రాత్రి నిద్రపోలేదు." ఆమె పంతం పట్టలేదని, భయపడిందని నాకప్పుడు అర్థమైంది.

డాక్టరు వాల్టర్‌ వైపు తిరిగాడు. "వీటిలో ఏది నిజం?"

గదిలో ఎవరూ తొందరపెట్టలేదు. వాల్టర్ ఒక్కో మాటా కూడగట్టుకుని చెప్పాడు.

"ఇరవై ఏడు. భుజం. మా నాన్న, నేను వంటగదిలో రేడియో వింటున్నాం. వార్త విని నాన్న రేడియో కట్టేశాడు." ఆగి, కూతుర్ని చూశాడు. "జేన్, అది మరిచిపోలేకనే ఈ ఆట ఆడుతున్నాను."

జేన్ లేచి వచ్చి ఆయన కుడిచేతిని తన చేతుల్లోకి తీసుకుంది. నేను ఫైలు చూస్తున్నట్టు తల వంచుకున్నాను.

కొన్ని వారాలు ట్రయల్‌గా ఇంట్లో ఉంచుదామని, మెట్లకు రెయిలింగ్, స్నానాల గదిలో పట్టుకునే కమ్మీ, రోజూ పొద్దున సాయానికి ఒక కేర్‌గివర్ ఉండాలని తీర్మానమైంది. జేన్ ఒక షరతు పెట్టింది, రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఆ పిచర్ ఈ రోజు ఏ వయసులో ఉన్నాడో చెప్పాలి. నాన్న బాగున్నాడో లేదో తనకు దాంతో తెలుస్తుందంది. నేను పెట్టే ఏ పరీక్షకన్నా అది మంచి పరీక్ష.

వసంతం వచ్చాక ఆఖరి విజిట్‌కు వెళ్ళాను. వాల్టర్ స్టిక్కు లేకుండానే తలుపు తీశాడు. పిచర్ ఐదో కెరీర్‌లో ఉన్నాడట, ముప్పై ఒకటి నడుస్తోంది, భుజం ఇంకా బాగానే ఉంది. కాఫీ ఇవ్వబోతే, నేను బతిమాలుకుని ఆయన వంటగదిలో నా టీ నేనే పెట్టుకున్నాను. నీళ్ళు, పాలు, టీబ్యాగులు, చక్కెర అన్నీ ఒకే గిన్నెలో వేసి స్టవ్ మీద పెట్టాను.

ఆ తర్వాత ఎన్ని కిచెన్ అసెస్‌మెంట్లు చేశానో లెక్కలేదు. ఇప్పుడు ఎవరినీ ముందే కెటిల్ దగ్గరకు తీసుకెళ్ళను. "పొద్దున లేవగానే ఏం తాగుతారు? రోజంతా ఏం చేస్తారు?" అని అడిగి, దాన్నే చేయమంటాను. మనకు అలవాటైన పని ఎదుటివాడికి రాకపోతే అది జబ్బని రాసెయ్యడం తేలిక. ఆయనకు వచ్చిన పని ఏదో కనుక్కోవడానికే నాకు జీతమిస్తున్నారని వాల్టర్ దగ్గర నేర్చుకున్నాను.

ఆ ఆఖరి విజిట్ రోజు వాల్టర్ మాత్రం తలుపుకు ఆనుకుని, మూల నిలబడి నేను చూసినట్టే, నోరు మూసుకుని నేను టీ పెట్టడమంతా చూశాడు. టీ పొంగి స్టవ్ మీద పడ్డాక గంభీరంగా అన్నాడు.

"సునీతా, ఏమీ అనుకోకు. నిన్ను ఒంటరిగా ఇంటికి పంపలేం."