కళ్లు మూసుకున్న వెంకటేశప్ప

భయపడటంలో వెంకటేశప్పను మించినవాడు బెంగళూరులో లేడు. లిఫ్టెక్కితే తీగ తెగుతుందని భయం, మెట్లెక్కితే మోకాళ్లు పోతాయని భయం. అలాంటి మనిషి అరవై రెండో ఏట బియ్యం అంగడి కొడుక్కి అప్పగించి, సర్జాపుర రోడ్డులో గోడలెక్కే ఆటలో చేరాడు! నలభై అడుగుల గోడ, పట్టుకోవడానికి రంగురంగుల పిడులు, నడుముకు తాడు.

ఆ తాడు రెండో కొసను కింద నిలబడి పట్టుకోవడానికి చెల్లెలు మునిలక్ష్మే కావాలట. మొగుడు పోయిన ఎనిమిది నెలలుగా ఆమె గడప దాటలేదు, సరిగా తిన్నదీ లేదు.

"ఇంకెవురూ దొరకలేదా అన్నా?"

"ఎవురి చేతిలోనో నా ప్రాణం పెట్టమంటావా? నువ్వు రాకపోతే పడి చస్తాను, నీ ఇష్టం."

ఇంకో చావు తట్టుకునే ఓపిక ఆమెకు లేదు. ఆదివారం పొద్దున్నే చుడీదార్ వేసుకుని బయల్దేరింది.

నేర్పే అమ్మాయి అర్పిత ఇద్దరినీ చూసి తల పట్టుకుంది. "అంకుల్ జారితే ఆంటీ గాల్లోకి లేస్తారు! బరువుకు ఇసుక మూట కడదాం."

"ఇసుకను నేను నమ్మనమ్మా," అని వెంకటేశప్ప అంగడి నుంచి సోనామసూరి మూట తెచ్చి చెల్లెలి నడుముకు కట్టించాడు.

ఇక ప్రతి ఆదివారం ఒకటే తంతు. ముడి మూడుసార్లు చూపించుకుంటాడు. దేవుళ్లను పేరుపేరునా పిలుస్తూ ఎనిమిది అడుగులెక్కి, అక్కడ బల్లిలా అతుక్కుపోతాడు.

"మునీ, ఉండావా?"

"ఉండానన్నా!"

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నానప్పా, దిగు!"

వారమంతా ఆమెకు అదే దిగులు. తాడు జారితే? చేతిలో సత్తువ చాలకపోతే? ఆ భయంతోనే రాగిముద్ద మళ్లీ మొదలుపెట్టింది. మొగుణ్ణి తలుచుకుని ఏడుస్తూ కూడా రెండో ముద్ద పెట్టుకునేది.

పన్నెండో ఆదివారం వెంకటేశప్ప రావడం ఆలస్యమైంది. అర్పిత ఉండబట్టలేక అడిగేసింది. "ఆంటీ, మీరుంటే అంకుల్‌కి ఏమవుతుంది? గురువారాల్లో నేను తాడు పట్టుకుంటే పైదాకా వెళ్తారు. మొన్న ఆరుసార్లు ఎక్కారు!"

మునిలక్ష్మికి ముందు ఒళ్లు మండింది. మూడు నెలలుగా నిద్రలేకుండా చేశాడే! కాసేపటికి, ఆ మూడు నెలలూ తన చేత తిండి తినిపించిందీ, తనను వీధిలోకి లాక్కొచ్చిందీ ఎవరో అర్థమై, అన్న మీద పట్టలేనంత ప్రేమ పుట్టింది.

వెంకటేశప్ప వచ్చాడు. మునిలక్ష్మి తాడు తన నడుముకు కట్టుకుని, రెండో కొస అతని చేతిలో పెట్టింది.

"నువ్వా? వద్దు మునీ, నాకు భయమైతాంది!"

ఈసారి అతని భయం నిజమైనదే. ఆమె వినిపించుకోకుండా గోడెక్కింది. పదిహేను అడుగుల మీద నుంచి కిందికి చూసి గట్టిగా అరిచింది.

"అన్నా, కళ్లు తెరిచి పట్టుకోప్పా!"