గెలవొద్దని చెప్పిన సారు

మా డ్రిల్ సారు పోయారన్న కబురు మా పాత టీమ్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఏళ్ల తరబడి పండగ శుభాకాంక్షలు తప్ప ఇంకేమీ కనపడని గ్రూపు అది. పులివెందుల నుంచి మా వికెట్ కీపరు పెట్టాడు: "సారు తెల్లారుజామున పోయినాడప్పా. నిద్రలోనే." చదవగానే నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. మా కోసం భయపడే మనిషి ఇక లేడు కదా అనిపించింది. ఈ మాట రాస్తుంటే ఇప్పుడూ అలాగే ఉంది.

ఆయన ప్రొద్దుటూరులో నేను చదివిన హైస్కూలుకు ఆటల మాస్టారు. రిటైరయ్యాక పెన్నా పిడుగులు అనే క్రికెట్ జట్టుకు కోచ్. ఆ పేరు మీరు వినలేదంటే తప్పు మీది కాదు. ఒక్కో ఊరికి ఒక్కో జట్టు కట్టి, ఆటగాళ్లను వేలం పాడి నడిపిన ప్రైవేటు లీగు ఒకటి ఉండేది. మాది అందులో రెండు వేసవులు బతికిన జట్టు. ప్రొద్దుటూరు వ్యాపారులు కొందరు కలిసి కొన్నారు. ఆటగాళ్లలో సగం మంది జమ్మలమడుగు, పులివెందుల వైపు వాళ్లం. నేను జమ్మలమడుగు వాడిని, ఓపెనర్ని. ఊరి చివర పెన్న వైపు ఉన్న నల్లరేగడి మైదానం మా సొంత గ్రౌండు.

కోచ్ అంటే గర్జించేవాడని మీరు అనుకోవచ్చు. మా సారు అంత భయస్తుణ్ణి నేను చూడలేదు. బెంచీ అయినా, బస్సు తలుపైనా, మా నెత్తి మీది హెల్మెట్ అయినా అరచేత్తో ఒకసారి నెట్టి చూసిందాకా నమ్మేవారు కాదు. బస్సులో డ్రైవరు పక్కనే నిలబడి, అతనికి కునుకు పట్టకుండా ఇంటి సంగతులన్నీ అడిగేవారు. పులివెందులలో మ్యాచ్ ఉంటే దారిలో గండి గుడి దగ్గర బస్సు ఆపించేవారు. మేం గెలుపు కోసం మొక్కుకునేవాళ్లం. ఆయన మాత్రం ఆంజనేయస్వామి ముందు పైకే అనేవారు: "అందర్నీ ఇండ్లకు చేర్చు సామీ." ఇంత పిరికి కోచ్ మాకే దొరకాలా అని వెనక సీట్లలో నవ్వుకునేవాళ్లం.

రెండో వేసవికి జనం బాగా పెరిగారు. మైదానానికి తూర్పున సరుగుడు కొయ్యలు పాతి, పలకలు పరిచి గ్యాలరీ కట్టించారు. కట్టింది దసరాకు పందిళ్లు వేసేవాళ్లే. పనిమంతులే, పేరు పెట్టడానికి లేదు. కానీ దసరా పందిరి కింద జనం నడుస్తారు, దాని మీదికెక్కి ఎవరూ ఎగరరు. పైగా ఎండకు రేగడి నేల నెర్రెలు విచ్చింది. నెర్రెల్లో పడి మా కాళ్లు మెలికపడతాయని, మా మీద ప్రేమతోనే, వ్యాపారులు రోజూ ట్యాంకర్లు తెచ్చి నేలంతా తడిపారు. ఆ నీళ్లు నెర్రెల్లోంచి గ్యాలరీ కిందికి చేరతాయని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ఆ రోజు గెలిస్తే సెమీఫైనల్. బ్యాటింగు మాది, నేనూ కీపరూ క్రీజులో ఉన్నాం, గెలుపు చేతికి అందేంత దూరంలో ఉంది. గ్యాలరీ పై వరసలో మా ఆవిడ, ఒళ్లో మా పాప. ఫోరు కొట్టినప్పుడల్లా జనం ఒక్కసారిగా లేచి ఎగురుతున్నారు. నీళ్ల విరామంలో సారే స్వయంగా బాటిళ్లు పట్టుకొని మా ఇద్దరి దగ్గరికి వచ్చారు. ఆయన చెప్పుల నిండా బురద.

"పాప యాడ కూచోనుంది?" అని అడిగారు. చూపించాను.

"కొయ్యలు కదుల్తాండాయి నాయనా. కిందంతా బురద. కూలుతాదో ల్యాదో తెలీదు, నాకు శానా భయమేస్తాంది."

మైకులో చెప్పిద్దాం అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"కూలుతాదని చెప్తే అందరూ ఒకేసారి దుంకుతారు. గెలిస్తే ఒకేసారి ఎగురుతారు. రెండూ ఒగటే. గెలవొద్దండి. బంతిని ఆపుకుంటా నిలబడండి. ఇసుగొచ్చి వాళ్లంతట వాళ్లే దిగిపోతారు."

అంత మాట చెప్పి ఆయన డగౌట్‌కు వెళ్లలేదు. నేరుగా గ్యాలరీ కిందికి వెళ్లారు. బెంచీని నెట్టి చూసి గానీ కూర్చోని మనిషి, ఆ కదులుతున్న పలకల కింద మెట్ల పక్కన నిలబడి, ఒక కొయ్యను అరచేత్తో పట్టుకున్నారు. క్రీజులోంచి ఆయన తెల్ల టోపీ నాకు కనబడుతూనే ఉంది.

అంత భయపడుతూ నేను ఎప్పుడూ ఆడలేదు. అవుటవుతానని కాదు, ఎక్కడ ఫోరు పోతుందోనని. ప్రతి బంతినీ చచ్చినట్టు కాళ్ల దగ్గరే ఆపాను. మొదట జనం నవ్వారు, తర్వాత అరిచారు, ఆ తర్వాత మా అమ్మానాన్నలను కూడా కలిపి తిట్టారు. తిడుతూ తిడుతూ ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. ఒకసారి బంతి నా బ్యాటు అంచుకు తగిలి సరిగ్గా ఆ గ్యాలరీ వైపే దూసుకుపోయింది. జనమంతా సగం లేచారు. పై వరస ఒక పక్కకు ఒరిగినట్టు నాకు కనబడింది. నిజంగా ఒరిగిందో, నా కళ్లు తిరిగాయో ఈ రోజుకీ చెప్పలేను. తడిసిన నేలలో బంతి బౌండరీ తాడుకు ముందే ఆగిపోయింది. మేమిద్దరం కదల్లేదు. థూ అని కూర్చున్నవాళ్లు కూర్చున్నారు, చాలామంది మెట్ల వైపు నడిచారు. "మెల్లిగా దిగండప్పా" అని సారు రెండో చెయ్యి అందిస్తూ ఉన్నారు. ఆయన్ని కూడా తిట్టుకుంటూనే దిగారు.

గ్యాలరీ దాదాపు ఖాళీ అయింది. మా ఆవిడ మాత్రం దిగలేదు. ఊరంతా తిడుతున్న మొగుణ్ణి వదిలి ఎలా లేస్తానని మొండిగా కూర్చుందట, తర్వాత చెప్పింది. నాకప్పుడు అర్థమైంది, నేను క్రీజులో ఉన్నంతసేపూ ఆమె అక్కడే ఉంటుంది. తర్వాతి బంతికి బ్యాటు పక్కకు తీసేశాను. వికెట్లు ఎగిరిపోయాయి. ఆమె పాపను చంకనేసుకొని లేచింది. ఒక్కో మెట్టూ దిగుతుంటే నేను పెవిలియన్ వైపు నడవకుండా చూస్తూ నిలబడిపోయాను. చివరి మెట్టు దగ్గర సారు పాపను అందుకున్నారు. అప్పటికి గానీ కొయ్య మీద నుంచి ఆయన చెయ్యి తీయలేదు.

ఓవర్లు అయిపోయి మ్యాచ్ ఓడిపోయాం. గ్యాలరీ కూలలేదు. మర్నాడు విప్పిన మేస్త్రీ, కొయ్యలు పాతినవి పాతినట్టే ఉన్నాయన్నాడు. సారు అమ్ముడుపోయారని ఊరు తేల్చేసింది. సంగతి ఇదీ అని నేను ఎంత చెప్పినా, పెళ్లాంబిడ్డను అడ్డం పెట్టుకొని కట్టుకథ అల్లాడన్నారు. లీగు మా జట్టును తీసేసింది, వ్యాపారులు చేతులు దులుపుకున్నారు. నేను ఎర్రగుంట్లలో లారీ ఆఫీసులో చేరాను. మా ఊదారంగు జెర్సీతో ఒక క్లీనరు అద్దం తుడుస్తుంటే చూశాను.

నేనొకసారి ఆయన ఇంటికి వెళ్లి, అది కూలిపోయి ఉంటే మీ మాట నిలబడేది సార్ అన్నాను, బుద్ధిలేక. ఆయన కోప్పడలేదు.

"కూలింటే నన్ను మెచ్చుకునేటోళ్లు. కూలల్యా. నాకు అదే సాలు."

నిన్న అందరం వెళ్లాం. ఇంటి ముందు షామియానా వేశారు, కుర్చీలు వరసగా ఉన్నాయి. లోపల సారు తెల్లటి గుడ్డ మీద, అరచేతులు రెండూ పక్కన చాపుకొని పడుకొని ఉన్నారు. ఆ చేతుల్ని ఎక్కువసేపు చూడలేక బయటికి వచ్చేశాను. మా పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఆ రోజు సంగతి గుర్తుండే వయసు కాదు దానిది, మా నోట వినడమే. వాళ్లమ్మ కుర్చీలో కూర్చోబోతుంటే భుజం పట్టి ఆపి, షామియానా గుంజ దగ్గరికి వెళ్లింది. అరచెయ్యి ఆనించి ఒకసారి నెట్టింది.

"కూచో మా, గట్టిగానే ఉండాది" అంది. చెయ్యి మాత్రం తీయలేదు.